తొమ్మిది గీతల చీటీ

దెయ్యాలను నేను నమ్మను. ఊరికే నమ్మకపోవడం కాదు, శ్రమపడి నమ్మను. విద్యానగర్‌లో గజ్జెల చప్పుడు వినిపిస్తోందని ఎవరూ అద్దెకు దిగని ఇంట్లో ఏడాదిన్నర ఉన్నాను. ఆ గజ్జెలు నీళ్ల మోటారుకు వదులైన బోల్టు అని మొదటి వారంలోనే తేల్చి, దెయ్యాన్ని స్పానరుతో వదిలించాను. దెయ్యం పోయేసరికి ఆ ఇంటికి గిరాకీ పెరిగి ఓనరుగారు నన్నే ఖాళీ చేయించారు. అంతటి నాస్తికుణ్ణి.

అలాంటి నేను తొంభైల చివర్లో ఒక శుక్రవారం నాడు, పట్టపగలు, నాలుగు ట్యూబ్‌లైట్ల వెలుగులో చూసినదాన్ని ఇప్పటివరకూ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. చెప్పబోతే రెండో వాక్యంలోనే కంప్యూటర్ వస్తుంది, వినేవాళ్లు చెప్పులు వెతుక్కుంటారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నేను ఏదైనా కాస్త పెంచి చెబుతానని నాకు పేరుంది. ఒప్పుకుంటాను. ఇందులోనూ అక్కడక్కడా పెంచుతాను, అలవాటు పోదు. కానీ గీతల సంఖ్య మాత్రం పెంచలేదు. తొమ్మిదే. చీటీ నా దగ్గరే ఉంది.

అప్పట్లో నేను యూనివర్సిటీలో, భూగర్భ జలాల మీద పరిశోధన చేసే డిపార్ట్‌మెంట్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా ఉండేవాణ్ణి. డిపార్ట్‌మెంట్ మొత్తానికి మంచి కంప్యూటర్ ఒక్కటే. దాని గదికి ఏసీ ఉండేది, కర్టెన్లుండేవి, గుమ్మం బయట చెప్పులు విడవాలని బోర్డుండేది. హెడ్ సారు గదికి ఏసీ లేదు. ఎవరైనా తుమ్మితే కంప్యూటర్‌కు జలుబు చేస్తుందన్నట్టు బయటికి పంపేవాళ్లం. దసరాకు ఆయుధపూజ చేసి మానిటర్ నుదుటికి పెట్టిన పసుపు కుంకుమలు మళ్లీ దసరా దాకా అలాగే ఉండేవి. దానికున్న ఫ్యాన్ చప్పుడు ఎత్తు ఎక్కుతున్న సిటీ బస్సుకు ఏమాత్రం తీసిపోదు.

అందులో లినక్స్ ఎక్కించింది నేనే. ఒక పత్రికతో పాటు ఉచితంగా రెండు సీడీలు వచ్చాయి. మొదటి సీడీతోనే పని అయిపోయింది. రెండోది ఎందుకూ పనికిరాదని నేనే తీర్మానించి, తార్నాకలో డీటీపీ సెంటర్ నడిపే సలీం భాయ్‌కి బహుమతిగా ఇచ్చాను. ఆయన దానికి దారం కట్టి గుమ్మానికి వేలాడదీశాడు. గాలికి తిరుగుతూ, ఎండకు ఇంద్రధనుస్సులు విసురుతూ, సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోవాళ్ల కళ్లలో కొట్టేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

డిపార్ట్‌మెంట్‌లో నేను లినక్స్ నిపుణుణ్ణి. ఎలా అయ్యానంటే, ఇంకెవరికీ అది రాదు కాబట్టి.

ఇప్పుడు విజయ మేరీ గురించి చెప్పాలి. నా తోటి రీసెర్చ్ స్కాలర్. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేది. ఆరేళ్లపాటు, తాడుకు ఇనుప గుండు కట్టుకుని, మల్కాజ్‌గిరి నుంచి అవతల పొలాల దాకా కనిపించిన ప్రతి బావిలోకీ వదిలి నీళ్ల లోతు కొలిచింది. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి. ఆ అమ్మాయి కనిపిస్తే బావులే సిగ్గుపడి నీళ్లు పైకి తెచ్చేవని మేం అనేవాళ్లం. వాళ్ల ఊళ్లో పీహెచ్‌డీ అనే మాటను మొదట ఇంటికి తెచ్చింది తనే.

తన థీసిస్ ఇవ్వడానికి గడువు ఆ శుక్రవారం నాలుగు గంటలు. అది మూడో పొడిగింపు. నాలుగో పొడిగింపు అనేది యూనివర్సిటీ నిబంధనల్లో లేదు. నాలుగు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల బావులూ మళ్లీ బావుల్లోకే.

థీసిస్ దాదాపు అంతా ప్రింటయింది. చివరి అధ్యాయం ఇరవై రెండు పేజీలే మిగిలాయి, ఎందుకంటే గైడ్ గారు దిద్దుబాట్లు గురువారం సాయంత్రం ఇచ్చారు. ఈలోగా మా పాత లేజర్ ప్రింటర్ కాలం చేసింది. కొత్తది వచ్చింది. పెళ్లికొడుకును దింపినట్టు దింపాం. కాని మా కంప్యూటర్‌కు ఆ కొత్త ప్రింటర్ భాష తెలియదు. భాష తెలియాలంటే ఒక కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. దాని పేరు ఘోస్ట్‌స్క్రిప్ట్. పేరులోనే దెయ్యం ఉంది. నేను పెట్టింది కాదు, ఒట్టు.

“అరగంట పని” అన్నాను విజయతో, గురువారం సాయంత్రం. నిపుణులు అలాగే అంటారు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ మూటలుగా వస్తుంది. ప్యాకేజీలంటారు. ఒక మూట విప్పబోతే, ముందు ఫలానా మూట ఉంటే కానీ నేను రాను అంటుంది. సరే అని ఆ ఫలానా మూట తెస్తే, నాకు ఇంకో ఫలానాది కావాలి అంటుంది. అలా ఎంత దూరం పోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ప్రతి మూటా తన ముందున్న ఒక్క మెట్టు గురించే చెబుతుంది తప్ప, మొత్తం ఎన్ని మెట్లో చెప్పదు. ఈ రోజుల్లో కంప్యూటరే అన్నిటినీ పిలుచుకొస్తుంది. అప్పుడు మనమే పోయి పిలుచుకురావాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అది కాదంటుంది, కాని ఎందుకు కాదో అప్పుడే, మొహం మీదే చెబుతుంది. రేపు రమ్మనదు. నేను తిరిగిన ఏ ఆఫీసులోనూ అంత మర్యాద చూడలేదు. ఆ వ్యవస్థ కట్టిన మహానుభావులెవరో కానీ, అప్పుడూ ఇప్పుడూ నేను వాళ్లకు దణ్ణం పెడతాను.

అంత మర్యాదస్తుడితో నేనేం చేశానంటే, దౌర్జన్యం.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఘోస్ట్‌స్క్రిప్ట్ మూట విప్పబోయాను. ఇది కావాలి, అది కావాలి అంది. కావలసినవి లేకపోయినా సరే, బలవంతంగా దూరిపో అని చెప్పే ఆజ్ఞ ఒకటుంది. వాడొద్దని పుస్తకాల్లో రాస్తారు. వాడాను. దూరింది. అంతే, ప్రింట్ కాకపోవడం అలా ఉంచి, అప్పటిదాకా తెర మీద కనిపిస్తున్న విజయ పేజీలు కూడా కనిపించడం మానేశాయి. ఉన్న కన్నూ పోయింది.

విజయ నా వెనకే నిలబడి ఉంది.

“శ్రీనూ, నిన్న అరగంట అన్నవ్.”

“అదే అరగంట నడుస్తోంది.”

“గిదేం అరగంట? కొలిస్తే నా బావులకన్న లోతున్నది.”

సలీం భాయ్ దగ్గర ప్రింట్ తీద్దామని ఫ్లాపీ పట్టుకుని స్కూటర్ మీద తార్నాక పరిగెత్తాం. ఆయన ఫైలు తెరిచి, కళ్లజోడు పైకి నెట్టి, చాలాసేపు చూశాడు.

“క్యా మేడం, సబ్ ఉల్టా గీతలే ఉన్నయ్ ఇండ్ల. మీ థీసిస్ ఏడున్నది?”

అవి సమీకరణాలు రాసే గుర్తులని, మా కంప్యూటర్‌లోనే అవి పేజీలుగా మారతాయని నేను వివరించబోయాను. ఆయన దయగా నా భుజం తట్టి, “చాయ్ తాగు” అన్నాడు. బయటికి వస్తుంటే గుమ్మంలో నా సీడీ తిరుగుతూ కంట్లో మెరిసింది. ఛీ అని తల తిప్పుకున్నాను.

తిరిగొచ్చేసరికి పదకొండు. విజయ మిగతా అధ్యాయాల జిరాక్స్‌ల కోసం వెళ్లింది. బలవంతంగా ఎక్కించినదాన్ని దింపేసి, తల పట్టుకుని కూర్చున్నాను. అప్పుడొచ్చాడు యాదగిరన్న.

యాదగిరన్న మా డిపార్ట్‌మెంట్ అటెండర్. ముప్పై ఏళ్లుగా చంకలో తపాలు పుస్తకంతో క్యాంపస్ తిరుగుతున్నాడు. ఆయన నడిచిన దూరం కలిపితే భూగోళానికి రెండు చుట్లు, మూడో చుట్టు సగం. చెవి మీద ఎప్పుడూ ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం ఉండే ఆఫీసు పెన్సిల్. సంతకం నేర్చాడు కానీ అంతకు మించి చదువు లేదు. ఆ పెన్సిల్ కూడా ఆయన వాడేది కాదు, సార్లు అడిగితే ఇవ్వడానికి.

కానీ క్యాంపస్‌లో థీసిస్ ఇవ్వాల్సిన ప్రతివాడికీ యాదగిరన్నే దిక్కు. కారణం, తొమ్మిది సంతకాల ఫారం. థీసిస్‌తో పాటు అది ఇవ్వాలి. వార్డెన్, గైడ్, హెడ్, లైబ్రరీ, ఇలా తొమ్మిది మంది సంతకాలు కావాలి. లైబ్రరీ వాళ్లు ముందు హెడ్ సంతకం ఏదంటారు. హెడ్ ముందు లైబ్రరీ వాళ్లది తెమ్మంటారు. కొత్తవాళ్లకు వారం పట్టేది. యాదగిరన్న అదే ఫారాన్ని ఒక్క పూటలో ముగించేవాడు. ఎవరు ఎప్పుడు సీట్లో ఉంటారో, ఎవరు ఎవరి సంతకం చూస్తే మెత్తబడతారో, అంతా ఆయన తలలోనే. కాగితం మీద ఒక్క ముక్క పెట్టుకునేవాడు కాదు. నేను అక్కడున్న నాలుగేళ్లలో ఆయన ఆ పెన్సిల్‌తో రాయడం ఒక్కసారి కూడా చూడలేదు.

విజయ ఫారం ఆయన చంకలో ఉంది. పొద్దునే ఇచ్చి వెళ్లింది. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు.

“ఏంది సారు, మొకం గట్లెందుకున్నది?”

ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా. చెప్పేశాను. ఒకటి విప్పబోతే ఇంకొకటి కావాలంటుంది, అది తెస్తే మరొకటి అంటుంది, రెండు మూటలైతే నువ్వు ముందంటే నువ్వు ముందని కూర్చున్నాయి, నాలుగు లోపల కాకపోతే విజయ పని అయిపోయినట్టే అని. ఏడవడం ఒక్కటే తక్కువ.

“ఏం చెయ్యమంటవన్నా?” అన్నాను చివర్లో. గోడకు చెప్పుకున్నట్టే అన్నాను.

ఆయన విన్నాడు. చెవి మీది పెన్సిల్ తీశాడు. తపాలు పుస్తకం వెనక పేజీలోంచి చిన్న ముక్క చింపి, నా బల్ల మీద పెట్టి, నిదానంగా నిలువు గీతలు గీశాడు. నీలం, నీలం, పెన్సిల్ తిప్పి ఎరుపు, మళ్లీ నీలం. మొత్తం తొమ్మిది. ఆరో గీతకూ ఏడో గీతకూ కలిపి ఒక సున్నా చుట్టాడు. ఎనిమిదో గీతకూ తొమ్మిదో గీతకూ మధ్య చాలా ఖాళీ వదిలాడు.

“గిదేమన్న కొత్తనా సారు? గింతే ఇది. ఎవర్నీ అడగనోడు ఒకడుంటడు. ముందుగాల గాని దగ్గరికి పోవాలె.”

“ఈ ఎర్రది?”

“గది గీడ దొర్కది. తార్నాక పోవాలె.”

“ఈ సున్నా?”

“గా ఇద్దర్ని ఒక్కపాలే పట్టాలె. ఒక్కొక్కని దగ్గరికి పోతే పొద్దుమూకే దాంక తిప్పుతరు. ఇద్దర్ని ఒక్క దగ్గర కూసోబెడితే, ఒకని మొకం ఒకడు చూసి ఒప్పుకుంటరు.”

“మరి ఇక్కడ ఖాళీ ఎందుకు?”

“గాడ ఆగాలె. తలుపు కొట్టొద్దు. తలుపు కొట్టినవా, మొత్తం ఖరాబైతది.”

అంతే. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, ఫారం చంకలో సర్దుకుని వెళ్లిపోయాడు. చీటీ బల్ల మీదే ఉంది.

మీరు నవ్వుతారని తెలుసు. నేనూ నవ్వాను. కానీ నా దగ్గర ఇంకో ఉపాయం లేదు. ఎవర్నీ అడగనివాడి దగ్గర మొదలుపెట్టు అన్న మాట మాత్రం బుర్రకెక్కింది. నేను అప్పటిదాకా పై నుంచి కిందికి దిగుతూ ప్రతి మూటనూ బతిమాలుతున్నాను. ఈసారి ఏమీ ఎక్కించకుండా, కావాలన్నవాటిలో ఒక్కదాని దారే పట్టుకుని, ఏం కావాలని అడుగుతూ అడుగుదాకా వెళ్లాను. అడుగున నిజంగానే ఒకటుంది. దానికి ఎవరి అవసరమూ లేదు. ఎక్కించాను. మారు మాట్లాడకుండా ఎక్కింది. చీటీ మీద మొదటి గీత పక్కన టిక్కు పెట్టాను. రెండోదీ ఎక్కింది.

మూడోదాని దగ్గర ఆగిపోయాను. ఆ మూటే సీడీలో లేదు. సీడీ అంతా వెతికాను. పేరు పెట్టి, పేరులో సగం పెట్టి, దేవుడి పేరు పెట్టి వెతికాను. లేదు.

చీటీ చూశాను. మూడో గీత ఎర్రగా ఉంది. గీడ దొర్కది, తార్నాక పోవాలె.

నిజం చెబుతున్నాను, ఏసీ గదిలో నాకు చెమట పట్టింది. తార్నాకలో ఏముంది? చాయ్ హోటళ్లున్నాయి, బస్టాపులున్నాయి, సలీం భాయ్ ఉన్నాడు. సలీం భాయ్ గుమ్మంలో దారానికి వేలాడుతూ నా రెండో సీడీ ఉంది.

స్కూటర్‌ను ఎడమ పక్కకు వంచి, కుడి పక్కకు వంచి, బతిమాలి స్టార్ట్ చేసి పోయిన వేగానికి క్యాంపస్ గుల్మొహర్ చెట్లు పక్కకు తప్పుకున్నాయి. సలీం భాయ్ దుకాణం ముందు ఆపకుండానే చెయ్యి చాచి సీడీ పట్టుకున్నాను. అంటే, ఆపాను లెండి. స్టూలు కూడా ఎక్కాను.

“అరె, క్యా కర్రే భాయ్! ఇచ్చింది మళ్ల తీస్కపోతున్నవా?”

“సాయంత్రం మళ్లీ కడతాను భాయ్!”

“కట్టుడు ముఖ్యం కాదు, దిష్టి తగుల్తది దుకాణానికి!”

ఆ సీడీ ఏడాదిగా ఎండలో ఎండింది, వానలో తడిసింది. దాని మీద తార్నాక చౌరస్తా దుమ్మంతా పొరలు పొరలుగా ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులకు ఇస్తే ఏ పొర ఏ నెలదో చెప్పేవాళ్లు. చొక్కా అంచుతో తుడిచి లోపల పెట్టాను. డ్రైవ్ కాసేపు కూనిరాగం తీసింది, దగ్గింది, చదివింది. మూట అందులో ఉంది.

అప్పటికి విజయ జిరాక్స్‌లతో తిరిగొచ్చింది. చీటీ సంగతి చెప్పాను. శాస్త్రం చదివిన పిల్ల, నమ్మలేదు.

“యాదగిరన్నకు కంప్యూటరేం తెలుసు? నువ్వే ఏదో ఊహించుకుంటున్నవ్.”

“అయితే ఆరూ ఏడూ చూద్దాం పట్టు” అన్నాను.

నాలుగు, ఐదు మర్యాదగా ఎక్కాయి. ఆరోది సాక్షాత్తు ఘోస్ట్‌స్క్రిప్ట్. నాకు అక్షరాల మూట, అంటే ఫాంట్లు, ముందు కావాలంది. ఏడోది ఆ అక్షరాల మూట. నాకు ఘోస్ట్‌స్క్రిప్ట్ ముందు కావాలంది. పొద్దున నన్ను ఏడిపించింది ఈ జంటే. కానీ ఇవి వరసలో ఆరూ ఏడూ అవుతాయని నాకు ఆ క్షణం దాకా తెలియదు. తెలిసే దారే లేదు, చెప్పాను కదా, ఒక్కో మూటా ఒక్కో మెట్టే చెబుతుంది.

విజయ చీటీ మీద సున్నా వైపు చూసింది. తరువాత నా వైపు చూసింది.

“ఇద్దర్నీ ఒక్కసారే పట్టు” అంది మెల్లగా.

రెండు మూటల పేర్లూ ఒకే వరుసలో రాసి, ఒకే ఆజ్ఞగా ఇచ్చాను. అలా ఇవ్వొచ్చని పుస్తకంలో ఉంది, తరువాత చూశాను. ఆ రోజు మాత్రం నాకు తట్టలేదు, యాదగిరన్న సున్నా చూసే ఇచ్చాను. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుని ఒప్పుకున్నాయి. తెర మీద చిన్న చిన్న గుర్తులు బారులు తీరి నడిచాయి. విజయ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వులో ఏడుపు సగం ఉంది.

ఎనిమిదోది ఎక్కింది. తొమ్మిదోది, ప్రింటర్‌కు పేజీలు అందించే మూట, మొదలుపెట్టాను. కంప్యూటర్ బిగుసుకుపోయింది.

కదలదు. మీట నొక్కితే పలకదు. ఫ్యాన్ బస్సు మాత్రం ఎత్తు ఎక్కుతూనే ఉంది. ఐదు నిమిషాలు. గడియారం రెండూ పది చూపిస్తోంది. నిపుణుడైనవాడు అప్పుడు ఏం చేస్తాడు? రీసెట్ మీట నొక్కుతాడు. నా వేలు మీట దాకా వెళ్లింది కూడా.

విజయ నా మణికట్టు పట్టుకుంది. బావుల తాడు లాగిన చెయ్యి, నా చెయ్యి కదల్లేదు.

“ఖాళీ” అంది. “తలుపు కొట్టొద్దన్నడు.”

మేమిద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని, చెప్పుల్లేని కాళ్లు మడుచుకుని, పసుపు కుంకుమల మానిటర్ ముందు కూర్చున్నాం. ఎవరైనా చూస్తే పూజలో ఉన్నామనుకునేవాళ్లు. తను పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. నేను నాస్తికుణ్ణి కాబట్టి మనసులోనే చేసుకున్నాను. ఇంకో పదకొండు నిమిషాలు గడిచాయి. అది నా జీవితంలో అతి పెద్ద శతాబ్దం. అప్పుడు మెల్లగా, ఏమీ జరగనట్టు, తెర మీద మళ్లీ గుర్తు వచ్చి మిణుకుమంది. తొమ్మిదోది ఎక్కింది.

ఆ మధ్యలో రీసెట్ నొక్కి ఉంటే డిస్కు చెడి, కంప్యూటర్ ఆ రోజుకు లేచేదే కాదని తరువాత చాలామంది చెప్పారు.

ప్రింటర్ గొంతు సవరించుకుని మొదటి పేజీ వదిలింది. వేడిగా, ఇస్త్రీ చేసినట్టు. మల్కాజ్‌గిరి బావుల గ్రాఫు, ఒక్క గీత చెదరకుండా. ఇరవై రెండు పేజీలూ వచ్చేసరికి మూడు. సలీం భాయ్ దగ్గర జిరాక్స్, స్పైరల్ బైండింగ్ అయ్యేసరికి మూడూ ముప్పై ఐదు. ఇందాక సీడీ కోసం అరిచినవాడు, విజయ మొహం చూసి క్యూలో ఉన్నవాళ్లందర్నీ పక్కకు జరిపి ముందు మా పని చేశాడు.

పరిపాలనా భవనం మెట్ల మీద యాదగిరన్న కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫారం. తొమ్మిది సంతకాలూ ఉన్నాయి.

“లోపలికి పో బిడ్డా. పది నిమిషాలున్నది” అన్నాడు.

విజయ లోపలికి వెళ్లింది. నాలుగుకు ఏడు నిమిషాలుండగా బయటికి వచ్చింది. చేతిలో రసీదు. వచ్చి మెట్ల మీద యాదగిరన్న పక్కన కూర్చుంది. నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. జేబులోంచి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టాను.

“అన్నా, నీ చీటీ మమ్మల్ని బతికించింది. తొమ్మిదికి తొమ్మిది, వరస తప్పలేదు.”

ఆయన చీటీ చూసి కొంచెం అయోమయంగా నవ్వాడు.

“గిది మీ కాడనే మర్చిపోయిన్నా? గిది ఈ బిడ్డ ఫారానిది కద సారు.”

“ఫారానిదా?”

“మరి? మూడో సంతకం వార్డెన్ సారుది. ఇయ్యాల ఆయన సెలవుల ఉన్నడు. తార్నాకల ఆయన ఇంటికి పోయి తెచ్చిన. ఆరు, ఏడు హెడ్ సారు, లైబ్రరీ సారు. ఇద్దర్ని చాయ్ కాడ ఒక్క బల్ల మీద కూసోబెట్టిన. చివరి సారు తిన్నంక కునుకు తీస్తడు. తలుపు కొడితే సంతకం చెయ్యడు, గందుకే బయట ఆగిన. మీరు అడిగింది ఫారం గురించే అనుకున్న.”

విజయ నా వైపు చూసింది. నేను విజయ వైపు చూశాను. శాస్త్రం చదివినవాళ్లం ఇద్దరం.

“ఎప్పుడు ఆగినవన్నా, బయట?” అంది విజయ.

“రెండు దాటినంక. ఓ పావుగంట.”

మా కంప్యూటర్ బిగుసుకున్నదీ అదే పావుగంట. తరువాత నాకు ఒక సందేహం వచ్చింది. అసలు రావలసిన సందేహం అదే, అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది.

“అన్నా, నీకు ఇదంతా నోటికి తెలుసు కదా. ముప్పై ఏళ్లుగా ఎప్పుడూ ఏదీ రాసుకోలేదు కదా. మరి ఇయ్యాల ఈ చీటీ ఎందుకు రాసినవు? ఎవరి కోసం?”

యాదగిరన్న చీటీని తిప్పి చూశాడు. చెవి మీది పెన్సిల్ తడుముకున్నాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

“గదే సారు, నాకూ సమజైతలేదు. ఎన్నడు రాయలె నేను. మీరు బాధపడుతుంటే చెయ్యి అట్ల గుంజింది. రాసిన.”

చీటీ నాకే ఇచ్చేశాడు. “మీ కాడనే ఉండనీయుండ్రి” అని, తపాలు పుస్తకం చంకలో పెట్టుకుని, ఇంకేదో ఫైలు కోసం లేచి వెళ్లిపోయాడు.

విజయ థీసిస్ ఇప్పటికీ లైబ్రరీలో ఉంటుంది. పరీక్ష అయ్యాక అచ్చొత్తించిన గట్టి అట్ట ప్రతిలో కృతజ్ఞతల పేజీ మార్పించింది. గైడ్ గారికన్నా ముందు యాదగిరన్న పేరుంది. గైడ్ గారికి కొంచెం కోపం వచ్చింది, రావలసిందే. నా పేరు చివరి వరసలో, బావి యజమానుల తరువాత, సలీం భాయ్ తరువాత ఉంది. నేను దౌర్జన్యం చేసిన సంగతి రాయలేదు. దయగల మనిషి.

ఆ చీటీ పట్టుకుని తరువాత ఎన్నో కంప్యూటర్ల ముందు కూర్చున్నాను. ఒక్కచోట కూడా కుదరలేదు. ఒకచోట పదిహేడు మెట్లొచ్చాయి, ఒకచోట నాలుగు. తార్నాక ఎక్కడా అవసరం పడలేదు.

ఎవర్నీ అడగనివాడి దగ్గర మొదలుపెట్టడం, ఇద్దర్ని ఒక్కసారే పట్టడం, ఆగాల్సిన చోట ఆగడం, ఇవి ఏ పనికైనా పనికొస్తాయని వాదించవచ్చు. ముప్పై ఏళ్లు కాళ్లతో నేర్చుకున్నవాడి తెలివి, ఎంతో చదివి యంత్రాలు కట్టినవాళ్ల తెలివి చివరికి ఒకే చోటికి చేరతాయని అనుకోవచ్చు. నేను అనుకుంటాను కూడా. ఇప్పటి కంప్యూటర్లు వాటంతటవే మూటల్ని వరసగా పిలుచుకొచ్చి, జంటల్ని జంటగా ఎక్కిస్తుంటే చూసినప్పుడల్లా, రాసినవాళ్ల డిపార్ట్‌మెంట్‌లోనూ ఒక యాదగిరన్న ఉండి ఉంటాడనిపిస్తుంది.

కానీ తొమ్మిది ఎందుకు తొమ్మిదయింది, మూడోది తార్నాకలోనే ఎందుకుంది, ఎప్పుడూ రాయని చెయ్యి ఆ పూట ఎందుకు రాసింది, నాకు తెలియదు. స్పానరుతో తేలే విషయం కాదు.

చీటీ ఇక్కడే, నా సొరుగులో ఉంది. నీలం వెలిసింది, ఎరుపు వెలవలేదు. వెనక వైపు ఏమీ లేదు. చాలాసార్లు చూశాను.